పందిరికి పదేళ్ళ గ్యారంటీ ఎందుకు?

"ఎన్నేళ్ళొస్తుందండీ ఇది?"

మా దొడ్లో వెదురు పందిరి చూసినవాళ్ళు అడిగే మొదటి మాట ఇదే. రెండేళ్ళొస్తుంది, మేడ మీదైతే ఇంకొంచెం ఎక్కువ, అంటాను. అయ్యో అన్నట్టు చూస్తారు. ఆ వెంటనే సలహా. ఒక్కసారి ఖర్చు పెట్టుకుని జీఐ పైపులతో వేయించేసుకోండి, ఇంక జీవితాంతం చూసుకోనక్కర్లేదు అని. శ్రీకాకుళంలో ఈమధ్య కట్టిన ఇళ్ళలో చాలావాటికి మేడ మీదో, ఇంటి పక్క సందులోనో ఇలాంటి ఇనప చట్రం ఒకటి ఉంటోంది. కొన్నిటి మీద ఆనప తీగ కనిపిస్తుంది. చాలావాటి మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి.

నన్నడిగితే ఆ ప్రశ్నలోనే తేడా ఉంది. కూరగాయల తోటలో వెదురు ఎక్కువకాలం ఉండకపోవడం పెద్ద లోపమని అందరూ ఒప్పేసుకున్నారు, వెదురు అమ్మేవాళ్ళతో సహా. అందుకే దానికి మందులు ఎక్కించి, వార్నిష్ కొట్టి, ప్లాస్టిక్ తొడిగి, ఎలాగోలా పదేళ్ళు నిలబెట్టాలని చూస్తున్నారు. నేను వెదురు వాడటానికి మొదటి కారణమే అది పదేళ్ళు ఉండకపోవడం.

ముందు పాదు ఎన్నాళ్ళుంటుందో చూద్దాం. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే ఆనప, బీర, పొట్ల గింజలు పెడతాం. నెల దాటేసరికి తీగ పందిరెక్కుతుంది. వినాయక చవితి నుంచి దసరా దాకా కాయ కోసుకుంటాం. దీపావళి నాటికి ఆకుల మీద బూడిద తెగులు తేలి, తీగ ముదిరిపోయి, పీకేయడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పటికే అదే పందిరి మీదకి చిక్కుడు వచ్చేసి ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది పాతకాలపు పాదు చిక్కుడు. దాన్ని ఎంత ముందు విత్తినా పగటి పొద్దు తగ్గేదాకా పూత వేయదు. కార్తీకంలో పూస్తుంది, ధనుర్మాసమంతా కాస్తుంది, రథసప్తమికి ఉండి తీరాలి. అరసవల్లి పక్కన ఇల్లు పెట్టుకుని ఆ రోజు చిక్కుడుకాయలతో రథం కట్టకపోతే, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టకపోతే మా అత్తగారు ఊరుకునేవారా? ఆ ముందు రోజు బజార్లో చిక్కుడాకు కోసం జనం పడే పాట్లు చూస్తే, ఇంట్లో పాదు ఉన్నందుకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

రథసప్తమి దాటాక పందిరికి పని లేదు. ఇక్కడే ఇనప చట్రంతో నాకు పేచీ. దాని కాళ్ళు కాంక్రీటులో ఉంటాయి. వచ్చే ఏడు కూడా ఆనప అక్కడే, ఆ పై ఏడు కూడా అక్కడే. ఆనప, బీర, కాకర, దోస అన్నీ ఒకే కుటుంబం. ఏడాదికేడాది ఒకే చోట పెడితే వేళ్ళని పట్టే నులిపురుగులు ఆ మట్టిలో పెరిగిపోతాయి, ఎండు తెగులు శిలీంధ్రం తిష్ఠ వేస్తుంది. కాయకి పుచ్చు తెచ్చే పండు ఈగ ఉంది చూశారా, దాని పురుగు కాయలోంచి కిందపడి ఆ పాదు కింది మట్టిలోనే కోశస్థ దశ (ప్యూపా) గడుపుతుంది. అంటే మన స్థిరమైన పందిరి కింద ఈగలకి కూడా స్థిరనివాసం. మూడో ఏడు నుంచి "ఏమిటో అండీ, మొదట్లో కాసినట్టు కాయడం లేదు" అని మందుల షాపుకి వెళ్తారు. వెదురు పందిరి అయితే ఈ ఏడు తూర్పు గోడ పక్కన, వచ్చే ఏడు బావి దగ్గర. విప్పిన చోట వేసవంతా మట్టి తిరగేసి ఎండకి వదిలేస్తాను. తర్వాత అక్కడ ఈ కుటుంబం కానిదేదైనా వేస్తాను.

రెండో కారణం తుపాను. మనకి తుపాన్లు ఎక్కువగా పందిరి నిండుగా ఉన్న రోజుల్లోనే వస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. గంటకి 140 కిలోమీటర్ల పైన వీచిన ఆ గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమైపోయాయో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంత గాలికి వెదురు పందిరి నిలుస్తుందని నేననను. నిలవదు. అయితే దాన్ని ముందే దించొచ్చు. హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఒక వరస రాటల దగ్గర కట్లు కోసేసి, తీగతో సహా ఆ పక్కకి వాల్చేస్తాం. కొన్ని తీగలు తెగుతాయి, పిందెలు రాలతాయి. మొదలు మాత్రం బతుకుతుంది. గాలి పోయాక మళ్ళీ లేపి కట్టుకోవడం ఓ పూట పని. వెల్డింగు చేసిన చట్రాన్ని అలా వాల్చలేం కదా. ఆకు నిండిన పందిరి గాలిని మొత్తం తన మీదకి తీసుకుంటుంది. కాళ్ళ దగ్గర తుప్పు పట్టిన అతుకులు ఊడి మేడ మీద చట్రం పక్కింటి సన్‌షేడ్ మీద పడటం మా వీధిలోనే జరిగింది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉండేవాళ్ళకి ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో బాగా తెలుసు. జీవితాంతం అన్న మాట సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళకి చెల్లుతుందేమో.

సరే, వెదురు ఎందుకు త్వరగా పాడవుతుంది? టేకు లాంటి చెట్ల చేవలో పురుగుల్నీ బూజునీ అడ్డుకునే పదార్థాలుంటాయి. వెదురులో అవి లేవు. ఉన్నదల్లా పిండిపదార్థం, అది పురుగుకి విందు. వెదురు నిజానికి గడ్డి జాతి. పిలక ఒక్క వానాకాలంలోనే తన పూర్తి ఎత్తుకి లేచిపోతుంది, ఆ తర్వాత లావెక్కదు, ఎత్తు పెరగదు. మూడు నాలుగేళ్ళు గట్టిపడుతుంది, అంతే. మొదటి ఏడాది కర్రకీ నాలుగో ఏడాది కర్రకీ పొడుగులో, లావులో తేడా ఉండదు కాబట్టి తెలియనివాళ్ళని మోసం చేయడం చాలా తేలిక.

నేను కర్ర కొనేది ఒక మేదర ఆయన దగ్గర. ఆయన సరుకు సీతంపేట వైపు నుంచి కొంత, పర్లాకిమిడి వైపు నుంచి కొంత వస్తుందంటాడు. పచ్చగా నిగనిగలాడుతున్న గెడ ఒకటి నేను ముచ్చటపడి తీయబోతే, "అమ్మా, అది ఏడాది కర్ర. దాన్నొగ్గీ. ఉగాదికల్లా పిండి రాలిపోతాది" అన్నాడు. తన సరుకుని తనే వద్దన్న వ్యాపారిని ఆన్‌లైన్లో ఇప్పటిదాకా చూడలేదు. లేత కర్రకి కణుపుల దగ్గర పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి, పైన తెల్లటి బూడిద లాంటి పూత ఉంటుంది. ముదురు కర్ర రంగు తగ్గి, మచ్చలు పడి, చూడ్డానికి బాగోదు. కొట్టి చూస్తే ఖంగుమంటుంది. తోటకి కావలసింది ఆ బాగోని కర్రే.

రకం కూడా చూసుకోవాలి. మనకి దొరికేవి ముఖ్యంగా రెండు. ముళ్ళ వెదురు లావుగా, పొడుగ్గా, లోపల డొల్లగా ఉంటుంది. సాధనపు వెదురు సన్నం, లోపల దాదాపు గట్టి. లాఠీలు చేసేది దీంతోనే. రాటలకి రెండోదే మేలు. పైన అడ్డగెడలకీ, చీల్చి దబ్బలు తీసుకోవడానికీ మొదటిది.

అమావాస్యకి కొట్టిన వెదురు పుచ్చదని మనవైపు గట్టి నమ్మకం. చంద్రుడి సంగతి నేను నమ్మను గానీ ఆ మాట వెనకున్న జాగ్రత్తని నమ్ముతాను. వానల్లో కొత్త పిలకలు లేపడానికి పొద తన దగ్గర దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెడుతుంది. అందుకని వానలు వెనకబట్టాక, చలికాలంలో కొట్టిన ముదురు కర్రకి పురుగు తక్కువ. వేసవిలో కొట్టిన లేత కర్రని ఏ అమావాస్యా కాపాడదు. ఇక చెరువులో నానబెట్టడం. ఇది బాగా పనికొచ్చే పద్ధతి. కొన్ని వారాలు నీళ్ళలో మునిగి ఉంటే కర్రలోని చక్కెరలు, పిండి కరిగి, పులిసి బయటికి పోతాయి. ఆ వాసన భరించలేం, నిజమే. తీశాక నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి, ఎండలో పడేస్తే చీలిపోతుంది. టౌన్లో ఉండేవాళ్ళం గెడలు నానబెట్టుకోవడానికి చెరువులు ఎక్కణ్ణుంచి తెస్తాం? నానబెట్టిన కర్ర అని అడిగి, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి తెచ్చుకోవడమే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. నానబెట్టడం వల్ల తగ్గేది పిండి తినే పురుగు. చెదకి పిండితో పనిలేదు, అది కర్రనే తింటుంది. తడి నేలలో బూజుకి కూడా అంతే. మందు లేని వెదురు నేలలో పాతితే ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పోతుంది, అదే వాన పడని చోట ఉంటే నాలుగేళ్ళు దాటి ఉంటుంది. అందుకే ఈ మందుల గొడవ.

బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో ఆరేడు రోజులో, ఇంకా ఎక్కువో ముంచి ఆరబెట్టడం అందరూ చెప్పే పద్ధతి. వంద లీటర్ల నీళ్ళకి రెండూ కలిపి ఐదు కిలోల దాకా. ఇంట్లో కుర్చీకో, వరండా తడికకో అయితే చక్కగా పనిచేస్తుంది. వానలో తడిసే పందిరికి ఎందుకు? ఆ మందు నీళ్ళలో కరిగేది, వానకి కర్రలోంచి కొట్టుకుపోతుంది. పోయి ఎక్కడికి చేరుతుంది? మొక్క మొదట్లోకి. బోరాన్ మొక్కకి చిటికెడు కావాలి, ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి. ఇక కొందరు రాటల అడుగున వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తారు. మెకానిక్ షెడ్లో ఉచితంగా వస్తుంది కదా అని. అందులో లోహాల మురికీ, కాన్సర్ కారకాలూ ఉంటాయి. తోటకూర మడి పక్కన అది పాతి పెట్టి, మళ్ళీ మాది ఆర్గానిక్ అని చెప్పుకుంటే నాకు నవ్వొస్తుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఒత్తిడితో ఎక్కించే మందు నేలలో కూడా ఏళ్ళ తరబడి కాపాడే మాట నిజమే. పేరులోనే ఆర్సెనిక్ ఉంది. అమెరికాలో ఇళ్ళ వాడకానికి ఆ మందు ఎక్కించిన కలప తయారీని 2003 చివరికల్లా మానుకున్నారు. కూర వండుకునే పాదు కింద నాకొద్దు.

మరి మార్గం? కర్రంతా ఒకేసారి పోదు, అది గమనించండి. తడీ గాలీ కలిసే చోట, నేల మట్టానికి అటూ ఇటూ జానెడు మేర కుళ్ళుతుంది. పైనున్న ఆరడుగులూ బాగానే ఉంటుంది. అందుకని రాటని నేరుగా మట్టిలో పాతను. పాత పీవీసీ పైపు ముక్కో, సిమెంటు గొట్టం ముక్కో పాతి, అడుగున గులకరాళ్ళు పోసి, అందులో రాట దించుతాను. నీరు కిందకి దిగిపోతుంది, చెద పట్టినా కంటికి కనిపిస్తుంది, పోయిన రాటని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. అడుగు కుళ్ళిన రాటని కోసేస్తే కాకరకి పొట్టి పందిరి రాట అవుతుంది. అది కూడా పోయాక చీల్చి టమాటాకి ఊతకర్రలు. చివరికి మిగిలిన ముక్కలు కంపోస్టు గుంటలో అడుగున వేస్తే గాలి ఆడుతుంది. వెదురుని పొయ్యిలో పెట్టకూడదని మా నాయనమ్మ పట్టింపు. కణుపుల మధ్య గాలి వేడెక్కి టపటపా పేలే మాట వాస్తవం కాబట్టి ఆవిడతో వాదించలేదు.

కట్టేటప్పుడు మేకులు వద్దు, నిలువునా చీలుతుంది. కొబ్బరి తాడో, పురికొసో చాలు. ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు: రాట పైకొనని కణుపుకి సరిగ్గా పైన కోయాలి. కణుపుకి జానెడు పైన కోస్తే ఆ గొట్టంలో వాననీరు నిలుస్తుంది, డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఇప్పటికే అలా కోసేసి ఉంటే అందులో ఇసుక నింపేయండి. దబ్బలు చీల్చేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. వెదురు పైచర్మంలో సిలికా ఉంటుంది, బ్లేడులా కోసేస్తుంది.

అన్నిటికీ వెదురే అని నేను వాదించడం లేదు. దొండ పాదు ఏళ్ళ తరబడి ఉండేది, మొదలు కదపలేం. దానికి రాతి స్తంభమో, సిమెంటు స్తంభమో వేసి పైన మాత్రం వెదురు పరుచుకోవాలి. మల్లె పందిరికి కూడా అంతే. నీళ్ళ ట్యాంకు కింద వెదురు బల్ల కట్టేవాళ్ళ ధైర్యం నాకు లేదు. మడుల చుట్టూ వెదురు అంచులు కట్టడం ఫోటోల్లో చాలా అందంగా ఉంటుంది. ఎప్పుడూ తడిసే మట్టికి పొడుగునా ఆనించి పెట్టిన వెదురు ఇక్కడి చెదలకి పెట్టిన భోజనం, నాలుగు ఇటుకలు పేర్చుకోండి. మేడ మీద చెద బాధ ఉండదు గానీ గాలి బాధ ఉంటుంది. రాటలని పాత పెయింటు బకెట్లలో ఇసుక, కంకర నింపి నిలబెట్టి, పిట్టగోడకి కట్టేసుకోవాలి.

అసలు కోపం నాకు 'వెదురు ఉత్పత్తుల' మీద. ఆన్‌లైన్లో బ్యాంబూ గార్డెన్ అని కొట్టి చూడండి. మొదట వచ్చేది సన్నటి ఇనప గొట్టానికి ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడిగి, మధ్యమధ్య కణుపుల్లా గుబ్బలు తేల్చిన కర్ర. తర్వాత పీవీసీతో చేసి వెదురు రంగేసిన దడి. ఆ తర్వాత అడుగున్నర పొడుగు వెదురు పుల్లలు, ప్లాస్టిక్ కవర్లో కట్ట కట్టి, ఎకో ఫ్రెండ్లీ అని ఆకు బొమ్మతో. ఆ కట్ట ధరకి మా మేదర ఆయన దగ్గర నిలువెత్తు గెడ వస్తుంది, దాన్ని చీల్చుకుంటే ఏడాదికి సరిపడా పుల్లలు. ఇక బ్యాంబూ ఫైబర్ కుండీలు. వాటిలో చాలావరకు వెదురు పొడిని రెజిన్‌తో అతికించి పోత పోసినవే. పొడి వెదురుదే, అతుకు ప్లాస్టిక్కుది. మట్టిలో కలిసిపోతుందని రాసుకోవడానికి వీలైన సరుకు కాదది. వెదురు పొడి, మెలమైన్ రెజిన్ కలిపి చేసిన కప్పులు, గిన్నెలు ఇలాగే సహజమైనవని అమ్ముతుంటే 2021లో యూరోపియన్ యూనియన్ వాటి మీద ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టింది. కుండీలో మనం అన్నం తినం కదా అనొచ్చు. అయితే దాన్ని వెదురు అని పిలవకండి, ప్లాస్టిక్ అని తెలిసే కొనుక్కోండి.

తీగ పాకడానికి కట్టే నైలాన్ వల గురించి కూడా చెప్పాలి. చవక, తేలిక, ఐదు నిమిషాల పని. పంటయ్యాక ఎండిన తీగని అందులోంచి ఎవరూ విడదీయలేరు, మొత్తం చుట్టి చెత్తలో పడేయడమో, తగలబెట్టడమో. ఎండకి పెళుసెక్కి ముక్కలై మట్టిలో మిగిలేది వేరు. ఎలకల్ని తినే జెర్రిపోతులు అందులో ఇరుక్కుని చస్తాయి, ఎలకలు పడుతున్నాయని మనం మళ్ళీ బోను కొంటాం. ఆ వల చేసే పనిని నాలుగు దబ్బలూ, పురికొసా చేస్తాయి. తీగతో సహా విప్పి కంపోస్టులో వేసేయొచ్చు.

కొనదగ్గ వెదురు వస్తువులు లేవా? బోలెడు. అవి గార్డెన్ స్టోర్‌లో ఉండవు. కోళ్ళ గంప ఒకటి కొనండి. కొత్తగా నాటిన వంగ నారు మీద మధ్యాహ్నం పూట బోర్లిస్తే ఎండ పట్టదు, కోడి గెలకదు, గాలి ఆడుతుంది. ఎరువు మోయడానికి తట్ట, ఆకులు ఊడ్చి ఎత్తడానికి గంప, గింజలు చెరిగి ఆరబెట్టడానికి చేట. కొత్త చేటకి నానబెట్టి రుబ్బిన మెంతుల్లో కాగితం కలిపి మెత్తితే సందులు పూడి, ఆవ గింజంతవి కూడా జారవు. మడుల మధ్య టీ ఆకారంలో ఒక కర్ర పాతండి, గోరింకలూ ఏట్రింతలూ దాని మీద వాలి గొంగళి పురుగుల్ని ఏరుకు తింటాయి. పొలాల్లో ఎకరానికి పది దాకా ఇలాంటి పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది ఇందుకే.

ఈ వస్తువులు అల్లే చేతుల సంగతేమిటి? ప్లాస్టిక్ బుట్ట, స్టీలు చేట, రేకు తట్ట వచ్చాక మేదర వీధుల్లో పని పడిపోయింది. పెళ్ళిళ్ళకి పెళ్ళికూతురి బుట్ట, నోములకి చేటలు, అంతవరకే ఆగింది. వెదురు తెచ్చుకోవడం కూడా చాలాకాలం కష్టమే. వృక్షశాస్త్రం గడ్డి అన్నదాన్ని 1927 నాటి అటవీ చట్టం చెట్ల జాబితాలో పెట్టింది, కాబట్టి సొంత గట్టు మీద పెంచినదాన్ని కొట్టి తీసుకెళ్ళాలన్నా అనుమతుల టెన్షన్. కొండల్లో ఉండే సవరలు, జాతాపులకి 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి హక్కిచ్చింది. 2017 నవంబరులో అటవీ చట్టాన్ని సవరించి చెట్టు అన్న నిర్వచనంలోంచి వెదురుని తీసేశారు. అడవి కాని చోట పెంచిన వెదురు ఇప్పుడు మిగతా పంటల్లాంటిదే. మా బంధువుల్లో పొలం ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్తే సగం మంది ఇప్పటికీ నమ్మరు. "ఫారెస్టోళ్ళు పట్టుకుంటారు" అంటారు. గట్ల మీద నాలుగు పొదలు సాధనపు వెదురు వేస్తే ఊరి పందిళ్ళకి సరిపోయే కర్ర ఊళ్ళోనే వస్తుంది.

పొలం గట్టు అన్నాను, ఇంటి దొడ్డి అనలేదు. రెండు వందల గజాల స్థలంలో వెదురు పొద పెట్టుకోవద్దు. మన రకాలు గుంపుగా పెరిగేవే, కొన్ని విదేశీ రకాల్లా వేరుతో పాకి పక్కింట్లో తేలవు. అయినా పొద ఏటికేడాది వెడల్పవుతుంది, గోడని నెడుతుంది, రాలిన ఆకు త్వరగా చివకదు, ముళ్ళ వెదురైతే లోపలికి చెయ్యి పెట్టలేం. పాడె కట్టే కర్ర ఇంట్లో పెంచడమేమిటని పెద్దవాళ్ళు అడ్డం చెప్తే, కారణం ఏదైనా ఆ సలహా పాటించమనే నేనూ అంటాను.

ఇంక ఒక అభ్యంతరం మిగిలింది, నిజంగా గట్టిది అదే. ఏటా కట్టేదెవరు? మృగశిరలో పందిరి కట్టాలి, సరిగ్గా అప్పుడే పొలాల్లో దుక్కులు, ఆకుమళ్ళు. కట్టడం వచ్చిన మగవాళ్ళు సగం మంది విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో బిల్డింగు పనుల్లో ఉంటారు. మన జిల్లాల వలసల సంగతి కొత్తగా చెప్పేదేముంది. వెల్డరు ఒక్కసారి వచ్చి వెళ్ళిపోతాడు, ఇంక ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఇనప పందిళ్ళు పెరగడానికి అసలు కారణం ఇదే అనుకుంటాను, గ్యారంటీ మాట పైకి చెప్పుకునేది.

దీనికి నా దగ్గర ఉన్నది పూర్తి సమాధానం కాదు. ఇద్దరు మనుషుల కూలి, గెడల ఖర్చు, తాడు ఖర్చు కలిపి పదేళ్ళకి లెక్కేస్తే వెదురు చవక కాకపోవచ్చు. చవకని చెప్పి ఎవర్నీ ఒప్పించను. ఇనుముకి ఇచ్చే డబ్బు ఒక్కసారి పోతుంది, ఎక్కడికో పోతుంది. వెదురుకి ఇచ్చేది ఏటా కొంచెం కొంచెంగా కొండ మీద కొట్టినవాళ్ళకి, సంతలో అమ్మినవాళ్ళకి, మా దొడ్లో కట్టినవాళ్ళకి చేరుతుంది. నేను రెండోదానికే ఖర్చు పెట్టుకుంటాను. కట్టడం కూడా కొంత నేర్చుకున్నాను. అడ్డంగా పడ్డ రెండు గెడలని బిగించే కట్టు, రాటకి గెడని వేలాడదీసే కట్టు వస్తే చిన్న పందిరికి చాలు. ఇంట్లో పిల్లలకి అరగంటలో వచ్చేస్తుంది. పెద్ద పందిరికి మాత్రం పనివాళ్ళు కావాలి. రోహిణి కార్తెలోనే మాట్లాడి, అడ్వాన్సు ఇచ్చి ఉంచుకోండి. వాన పడ్డాక ఎవరూ దొరకరు.